దోమను ఎవరు తెచ్చారు? (వాతావరణం – వాడ: 6వ భాగం)

"దోమకు కులం లేదు కదా మేడమ్" అన్నాడు మా డిగ్రీ రెండో సంవత్సరం పిల్లాడు. కరోనా రోజుల్లో వైరస్‌కు కులం లేదన్నారు, ఇప్పుడు అదే మాట దోమకు తగిలించారు. వాణ్ణి తప్పు పట్టను. పెద్ద పెద్ద ఎడిటోరియల్స్‌లో కూడా ఇదే పాట. ప్రకృతి ముందు అందరూ సమానమేనట.

దోమకు కులం లేదు, ఒప్పుకుంటా. కానీ దోమ కొత్త చోటికి చేరగానే "ఇది ఎవరి వల్ల వచ్చింది?" అని ఒక ప్రశ్న పుడుతుంది చూడండి, ఆ ప్రశ్నకు కులం ఉంది. రంగూ ఉంది. మిత్రులారా, ఈ భాగమంతా ఆ ప్రశ్న మీదే.

ముందు ఐస్‌లాండ్ సంగతి. 2025 అక్టోబర్‌లో అక్కడ క్యోస్ అనే లోయలో పురుగుల మీద ఆసక్తి ఉన్న ఒకాయన రాత్రిపూట రెక్కల పురుగుల్ని చూద్దామని చక్కెర కలిపిన రెడ్ వైన్‌లో తాళ్ళు ముంచి వేలాడదీశాడు. వాటి మీద మూడు దోమలు దొరికాయి. రెండు ఆడవి, ఒకటి మగది. అక్కడి ప్రకృతి విజ్ఞాన సంస్థ చూసి కులిసెటా అన్యులాటా అనే జాతి అని తేల్చింది. ఆ దేశంలో బయట దోమ దొరకడం అదే మొదటిసారి. ఇక దోమ లేని నేల అంటార్కిటికా ఒక్కటే మిగిలిందని ప్రపంచమంతా రాశారు. మూడు దోమలకు అంత వార్త! మా పేటలో సాయంత్రం ఆరింటికి అన్నం గిన్నె మీద మూత తీస్తే అంతకంటే ఎక్కువే వాలతాయి. వాటి గురించి రాయడానికి ఏ విలేకరీ రాలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్తాను. చర్చల్లో పాల్గొనే విద్యార్థులు అతిగా చెప్పి దొరికిపోకూడదు. ఆ మూడు దోమల్ని వేడే తెచ్చిందని తేల్చి చెప్పలేం. ఆ జాతి చలికి ఓర్చుకునేదే. ఉత్తర యూరప్‌లో ఎప్పటినుంచో ఉంది. గొడ్ల కొట్టాల్లో, ఇళ్ళ నేలమాళిగల్లో దాక్కుని చలికాలం గట్టెక్కుతుంది. ఓడ సరుకుతో దిగి ఉండొచ్చని అనుమానం. రోగాలు మోసే దోమగా దానికి పెద్ద పేరు కూడా లేదు. అయితే అదే ఏడాది మే నెలలో ఐస్‌లాండ్‌లో 26.6 డిగ్రీలు నమోదైంది. మే నెలకు అది రికార్డు. ఆర్కిటిక్ ప్రాంతం 1979 నుంచి ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతోంది. దోమ ఎలాగైనా వచ్చి ఉండొచ్చు. వచ్చాక బతికే వీలు పెరుగుతోందా లేదా అన్నదే అసలు విషయం.

ఆ వీలును లెక్కతో చూద్దాం. మలేరియా క్రిమి దోమ కడుపులోకి వెళ్ళగానే మనిషికి ఎక్కదు. లోపల అది ఎదగాలి. ఫాల్సిపారం రకానికి 25 డిగ్రీల వేడిలో సుమారు 12 రోజులు చాలు. 20 డిగ్రీల్లో దాదాపు 28 రోజులు పడుతుంది. 18 దగ్గరికి వస్తే దోమ ఆయుష్షే చాలదు, క్రిమి ఎదిగేలోగా దోమ చచ్చిపోతుంది. కొండల మీద, చలిదేశాల్లో జనాన్ని ఇన్నాళ్ళూ కాపాడింది ఈ చిన్న తేడానే. ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే ఏమవుతుందిలే, ఫ్యాన్ ఇంకో పాయింట్ పెంచుకుంటాం అనే పెద్దమనుషులకు ఈ లెక్క చూపించండి.

డెంగీ, చికన్‌గున్యా మోసే టైగర్ దోమదీ ఇదే దారి. ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో 96 జిల్లాలుంటే 2025 మొదటికే 81 జిల్లాల్లో అది స్థిరపడింది. ఆ ఏడాది అక్కడ స్థానికంగానే చికన్‌గున్యా సోకినవాళ్ళు 700 దాటారు.

ఇప్పుడు ప్రశ్న దగ్గరికి వద్దాం.

2007 వేసవిలో ఇటలీలో రావెన్నా దగ్గర కాస్తిల్యోనె అనే ఊళ్ళో జనం వరసగా జ్వరాలతో, కీళ్ళనొప్పులతో మంచం పట్టారు. 200 మందికి పైగా. యూరప్‌లో చికన్‌గున్యా స్థానికంగా వ్యాపించడం అదే మొదలు. డాక్టర్లు కారణం తేల్చకముందే ఊళ్ళో తీర్పు వచ్చేసింది. నది కాలుష్యం అన్నారు, ప్రభుత్వం అన్నారు, అన్నిటికంటే ఎక్కువగా ఆఫ్రికా నుంచి కొత్తగా వచ్చిన వలసకూలీల్ని అన్నారు. చివరికి తేలిందేమిటి? కేరళ నుంచి బంధువుల ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన ఒకాయన ఒంట్లో వైరస్ ఉంది. ఆయన్ని కుట్టి ఊరంతా పంచడానికి అక్కడ టైగర్ దోమలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. ఆ దోమలు ఇటలీకి ఎలా చేరాయి? పాత టైర్ల వ్యాపారంతో. 1990లో జెనోవాలో మొదట కనబడ్డాయి. టైర్లలో నిలిచిన నీళ్ళలో గుడ్లు, ఆ టైర్లకు ఇన్‌వాయిస్, కస్టమ్స్ ముద్ర, అన్నీ సక్రమం. టైర్లు దించుకున్న వ్యాపారిని ఎవరూ తిట్టలేదు. ఏ పాపం ఎరగని ఆఫ్రికా కూలీని తిట్టారు.

నేను తెలుగు చదువుకున్నదాన్ని, పదాల దగ్గర ఆగిపోతాను. వైద్య నివేదికల్లో బయటి దేశం నుంచి జ్వరంతో వచ్చిన మనిషిని 'దిగుమతి కేసు' అంటారు. ఓడలో నిజంగానే సరుకుతో దిగుమతైన దోమను 'ఆక్రమించే జాతి' అంటారు. మనిషేమో సరుకు, దోమేమో దండెత్తి వచ్చిన సైన్యం. మరి రెండువందల ఏళ్ళుగా బొగ్గు కాల్చి ఆ చలిదేశాల్ని దోమకు అనువుగా మార్చిన పొగకు ఈ నివేదికల్లో పేరేమిటి? లేదు. వ్యాకరణంలో కర్త లేని వాక్యాలు చెప్తాం చూడండి, అలాంటిదే. "భూమి వేడెక్కుతోంది." ఎవరూ వేడెక్కించకుండానే.

జాషువా గబ్బిలం గుర్తొస్తుంది. ఆ గబ్బిలం గుడిలోకి వెళ్ళగలదు, దానితో సందేశం పంపుకున్న మనిషి మాత్రం వెళ్ళలేడు. దోమకు వీసా అక్కర్లేదు. ఉప్పునీళ్ళు ఎక్కి పొలం పోగొట్టుకున్న మనిషికి కావాలి.

ఇదేదో కొత్త జబ్బు అనుకుంటున్నారా? దీని మూలం మన సికింద్రాబాద్ దాకా వస్తుంది. 1897 ఆగస్టు 20న ఇక్కడే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమలు ఎవరి రక్తం తాగాయో మన పాఠాల్లో ఉండదు. హుసేన్ ఖాన్ అనే రోగి. దోమకు ఒక అణా లెక్కన కుట్టించుకున్నాడు. క్విజ్ పోటీల్లో రాస్ పేరు అడుగుతారు, హుసేన్ ఖాన్ పేరు అడగగా నేనైతే వినలేదు.

రాస్ కనిపెట్టింది గొప్ప విషయం. ఆయన పట్టుదల కూడా ప్రధానంగా దోమల్ని నిర్మూలించడం మీదే, మురుగునీళ్ళు తీయించడం మీదే. కానీ సామ్రాజ్యం ఆ జ్ఞానంతో ఏం చేసిందో చూడండి. పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో పనిచేసిన స్టీఫెన్స్, క్రిస్టఫర్స్ అనే పరిశోధకులు ఆఫ్రికన్ పిల్లల రక్తంలో మలేరియా క్రిములు ఎక్కువగా ఉన్నాయని గుర్తించారు. ఆ పిల్లలకు మందు ఇవ్వాలి కదా? వాళ్ళిచ్చిన సలహా అది కాదు. తెల్లవాళ్ళు వాళ్ళకు దూరంగా వెళ్ళి ఉండాలన్నారు. ఫ్రీటౌన్ పట్టణం పైన కొండ మీద తెల్లవాళ్ళ కోసం ప్రత్యేకంగా 'హిల్ స్టేషన్' కట్టారు. 1904 నాటికి బంగళాలు లేచాయి. పైకి కిందికి తిరగడానికి రైలు కూడా వేశారు. పనివాళ్ళుగా తప్ప ఆఫ్రికన్లకు అక్కడ నివాసం లేదు. బానిసత్వం నుంచి విడిపించిన నల్లవాళ్ళ కోసం పెట్టిన ఊరది, పేరే స్వేచ్ఛా పట్టణం! అదే 1902లో పశ్చిమాఫ్రికా వైద్య సర్వీసులో చేరడానికి యూరోపియన్లే అర్హులని నిబంధన పెట్టారు. అప్పటికే లండన్, ఎడిన్‌బరోల్లో చదివొచ్చిన నల్ల డాక్టర్లు ఉన్నారు. జ్వరం ఉన్న పిల్లాణ్ణీ దూరం పెట్టారు, దానికి వైద్యం చేయగల నల్ల డాక్టర్నీ దూరం పెట్టారు.

ఇది చదువుతుంటే నాకు ఎక్కడో చూసినట్టే అనిపించింది. గాలి ఎటు నుంచి వీస్తుందో చూసుకుని ఊరికి ఆ కింది వైపున వాడను పెట్టినవాళ్ళ మనవలం కదా మనం. సారీ, పెట్టినవాళ్ళ మనవలు వేరే. పెట్టించుకున్నవాళ్ళ మనవలం మనం. పశ్చిమాఫ్రికాలో మైక్రోస్కోప్ చేసిన పని ఇక్కడ స్మృతులు ముందే చేసేశాయి.

నేపాల్‌లో ఇంకో రకంగా జరిగింది. విద్యార్థులు దీన్ని తప్పక తెలుసుకోవాలి. కొండల కింద తరాయి అడవుల్లో థారూ ఆదివాసులు తరతరాలుగా బతికారు. అక్కడి మలేరియాను నేపాలీలో 'ఔలో' అంటారు. థారూల ఒంట్లో దానికి కొంత తట్టుకునే శక్తి ఉంది. కొండమీది పైకులాలవాళ్ళు మాత్రం దిగాలంటే వణికేవారు. 1950లలో అమెరికా సాయంతో డీడీటీ కొట్టారు, మలేరియా తగ్గింది. మంచిదే. వెంటనే పైనుంచి బాహున్, ఛెత్రీ కుటుంబాలు దిగాయి, పట్టాలు రాయించుకున్నాయి. పశ్చిమ తరాయిలో వేలాది థారూలు తమ భూమి మీదే కమైయాలుగా, అంటే అప్పు కింద కట్టుబానిసలుగా మారారు. ఆ పద్ధతి చట్టప్రకారం రద్దయింది 2000 జులైలో!

దోమే ఆదివాసికి కాపలా అని కవిత్వం చెప్పడం లేదు నేను. మన మన్యంలో కూడా 1879 రంప పితూరీని అణచడానికి వెళ్ళిన సైన్యాన్ని జ్వరం కుదేలు చేసిందని గొప్పగా చెప్పుకుంటాం. అదే జ్వరం ప్రతి వానాకాలం ఆదివాసీ పిల్లల్ని మింగింది. జ్వరం భయంతోనే కదా ఏజెన్సీకి బదిలీ అంటే 'పనిష్మెంట్ పోస్టింగ్' అనే మాట పుట్టింది. ఉద్యోగికి రెండేళ్ళ శిక్ష సరే, అక్కడే పుట్టినవాడికి అది ఏ నేరానికి?

ఇప్పుడు అదే నేపాల్‌లో దోమ కొండెక్కింది. 2004 దాకా ఆ దేశంలో డెంగీ నమోదే కాలేదు. 2022లో 54 వేల మందికి పైగా వచ్చింది, 88 మంది చనిపోయారు, మొత్తం 77 జిల్లాలకూ పాకింది. సముద్రమట్టానికి 1,300 మీటర్ల ఎత్తున ఉన్న ఖాట్మండు లోయ గట్టిగా దెబ్బతింది. ఒక్క వేడే కారణం కాదు. రోడ్లు, బస్సులు, ఇష్టమొచ్చినట్టు పెరిగిన పట్టణం, కుళాయి రాక డ్రమ్ముల్లో పట్టుకున్న నీళ్ళు, అన్నీ కలిశాయి. వేడి వీటన్నిటికీ తలుపు తీసింది.

డ్రమ్ముల మాట వచ్చింది కాబట్టి మన దగ్గరికి వస్తాను. డెంగీ దోమ మురుక్కాలవలో పుట్టదు. నిలవున్న మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది. కాబట్టి "మీ వాళ్ళకు శుభ్రత లేదు, అందుకే డెంగీ" అనేవాడికి సైన్సూ రాదు, సిగ్గూ లేదు. నేను అద్దెకుంటున్న పట్టణంలో మా పేటకు రెండు రోజులకోసారి నీళ్ళొస్తాయి. ప్రతి శుక్రవారం 'డ్రై డే' అని వచ్చి డ్రమ్ములు ఒంపమంటారు. శుక్రవారం ఒంపేస్తే శనివారం పిల్లలకు స్నానం ఎట్లా అని పక్కింటి పిన్ని అడిగితే "మీరే దోమల్ని పెంచుతున్నారమ్మా" అన్నాడు వచ్చినాయన. అంటే రోజూ కుళాయి ఇవ్వని ఆఫీసు తప్పు లేదు, బిందె పట్టుకున్న ఆడమనిషిది తప్పు. అదే పట్టణంలో మేడల మీద ఏసీల కింద కారే నీళ్ళ ట్రేలను ఎవరూ తొంగి చూడరు. గేటు దగ్గరే కుక్క ఉంటుంది కదా.

రావెన్నాలో ఆఫ్రికా కూలీని, ఫ్రీటౌన్‌లో నల్ల పసిపిల్లను, మా పేటలో పిన్నిని వేలెత్తి చూపించింది ఒకే వేలు. అందుకే "మానవాళి చేసిన తప్పుకు మానవాళి అనుభవిస్తోంది" అనే వాక్యం వినగానే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రపంచంలో అందరికంటే సంపన్నులైన పదిశాతం మంది నుంచే దాదాపు సగం కార్బన్ వెలువడుతోంది. సియెర్రా లియోన్ పల్లెలో పొయ్యి ఊదుకునే అమ్మనూ సొంత విమానంలో తిరిగేవాణ్ణీ 'మానవాళి' అనే ఒకే చాపమీద కూర్చోబెట్టడం, ఊళ్ళో బావి ముట్టనివ్వకుండా "మనమంతా హిందువులం" అనడం, రెండూ ఒకే జాతి అబద్ధాలు.

రాబోయే ఏళ్ళలో ఇంకా చల్లటి ఊళ్ళలో డెంగీ బయటపడుతుంది. జర్మనీలోనో బ్రిటన్‌లోనో మన పిల్లలు చదువుకుంటున్న ఊళ్ళోనే కావొచ్చు. అప్పుడు పేపర్లు మొదటి రోగి పాస్‌పోర్టు వెతుకుతాయి. అక్కడున్న మన అంబేడ్కరైట్ విద్యార్థులకు నాదొక విన్నపం. ఆ రోజు "మేం చదువుకున్నవాళ్ళం, శుభ్రంగా ఉంటాం, ఆ ఆఫ్రికన్ల లాంటివాళ్ళం కాదు" అని తప్పించుకునే మనవాళ్ళు చాలామంది బయల్దేరతారు. పైకులం ఎన్నారైలు ముందుంటారు. ఆ వరసలో మీరు నిలబడకండి. ఆ ఊళ్ళో వేసవి ఉష్ణోగ్రత ముప్ఫయ్యేళ్ళలో ఎంత పెరిగిందో, అక్కడి రేవుకు పాత టైర్లు ఎక్కడినుంచి వస్తున్నాయో, జ్వరమొచ్చిన వలసకూలీకి ఆసుపత్రిలో కాగితాలు అడుగుతున్నారో లేదో, ఈ మూడూ రాసి నాకు పంపండి. తెలుగులో పెడదాం.

వచ్చే భాగం ఫాగింగ్ మెషిన్ భుజానికెత్తుకునే కాంట్రాక్టు కార్మికుల గురించి. మాస్కు లేకుండా ఆ పొగ పీల్చేవాళ్ళ ఇంటిపేర్లు ఒకసారి గమనించి ఉంచండి.

జై భీమ్.