ముందు తేదియా, వెనుకటి తేదియా?

క్రియాపద మొక్కటి సరిగా నిర్ణయింపబడనిచో పొలముల గట్లు కదలును, చరిత్రయు కదలును. ఆంగ్లమున ‘యాంటీడేట్’ అను క్రియ యట్టిది. దానికి రెండర్థములు కలవు. ఒకదానికంటె మఱియొకటి కాలమున పూర్వమై యుండుట మొదటిది; పత్రముపై నిజముగా వ్రాసిన దినమునకంటె పాత తేదిని వేయుట రెండవది. మొదటిది కాలధర్మము, రెండవది మనుష్యుని చేతిపని.

ఈ రెండవ దానిని తెనుగున ‘ముందు తేది వేయుట’ యని కొందఱు వ్రాయుచున్నారు. ఇది మాకు సమ్మతము కాదు. ‘ముందే చెప్పితిమి’ అన్నచో గతము; ‘ముందు గతి యేమి?’ అన్నచో రాబోవు కాలము. ‘ముందు తేది వేసిన చెక్కు’ అన్నచో రాబోవు నెల చెక్కని వర్తకులు గ్రహింతురు. రెండు దిక్కులకు చూపు మాటను దస్తావేజులలో నిలుపుట ప్రమాదము. గడచిన దానిని ‘వెనుకటి తేది’ యనియు, రాదగిన దానిని ‘రాబోవు తేది’ యనియు వ్రాసిన వివాదమే లేదు.

ఈ తేది యెంత పని చేయునో 1860 నాటి భారత శిక్షాస్మృతి 464వ విభాగమందలి యుదాహరణ మొకటి చూపును. ఒకడు తన భూమిని విక్రయించి, కొన్నవానిని వంచించుటకై అదే భూమిని వేఱొకనికి ఆఱు నెలల వెనుకటి తేదితో వ్రాసి యిచ్చెను. సంతకము వానిదే, అసత్యము తేదిలోనిదే. అయినను అది ఫోర్జరీయే. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత ఆ స్మృతి స్థానమున నిలిచినను ఫోర్జరీ నేరముగనే యున్నది.

1908 నాటి రిజిస్ట్రేషను చట్టము 47వ విభాగము ననుసరించి, రిజిస్టరైన దస్తావేజు సాధారణముగా వ్రాసి యిచ్చిన నాటినుండియే చెల్లును. వెనుకటి తేదిపై ఆశ పుట్టుట కిది చాలును. సామాన్యముగా నాలుగు నెలలలో దాఖలు చేయవలెనను 23వ విభాగపు గడువు ఆ యాశకు కొంత యడ్డుకట్ట.

వెనుకటి తేది యంతయు మోసమని మా భావము కాదు. జీతముల హెచ్చింపును గడచిన నెలనుండి వర్తింపజేయు నుత్తరువు కపటము కాదు. అది పుట్టిన దినము దానిపై నిజముగనే యుండును. దాచుటయే దోషము.

ఇక దేశాభిమానులకు మా మనవి. కడప జిల్లా కలమళ్ల శాసనము క్రీ.శ. 575 ప్రాంతమునాటిది, పదునొకండవ శతాబ్దపు నన్నయ భారతమునకు పూర్వము. ఇందులకు రాయి సాక్షి. సాక్ష్యము లేకయే, కీర్తి కొఱకు, ఒక గ్రంథమును వేయేండ్లు వెనుకకు నెట్టుట మాత్రము దొంగ దస్తావేజునకు తోబుట్టువు. భూమి కొఱకు తేది మార్చినవానిని న్యాయస్థానమున నిలిపి, కీర్తి కొఱకు మార్చినవానికి పూలమాల వేయుట ధర్మమా? ఒక్క దొంగతేది బయటపడిన నాడు నిజమైన తేదులును శంకకు పాలగును. నిజముగా ప్రాచీనమైన జాతికి నిజమైన తేదియే చాలును.