గడప లేని వాకిలి

‘‘గోడ తొక్కుతావేంది పాపా! వాకిట్లోంచి రా.’’

అవ్వ కేకకు మనవరాలు ఉలిక్కిపడి ఆగింది. చుట్టూ చూసింది. అక్కడ గోడా లేదు, వాకిలీ లేదు. ఎటు చూసినా పగుళ్లిచ్చిన ఒండ్రుమట్టి, అక్కడక్కడా పిచ్చిమొక్కలు, దూరంగా వలలు ఆరేసిన జాలర్ల గుడిసెలు. కాళ్ల ముందు మాత్రం జానెడు ఎత్తున ఓ రాళ్ల వరుస. ఆ అమ్మాయి దాటబోయింది దాన్నే. అవ్వ లెక్కలో అది పడమటి గోడ!

ఎనభై దాటిన ఆ మనిషి కట్టెపుల్ల ఊతంతో రాళ్ల వరుస చుట్టూ నడుచుకుంటూ తూర్పు వైపు వెళ్లింది. రెండు రాళ్ల మధ్య ఖాళీ ఉన్నచోట ఆగింది. చెప్పులు విడిచి, తల కాస్త వంచి, లోపలికి అడుగుపెట్టింది. తల ఎందుకు వంచిందంటే... ఆ వాకిలి ఎత్తు తక్కువ మరి.

శ్రీశైలం జలాశయం వెనక్కి తగ్గినప్పుడు మాత్రమే కనిపించే ఊళ్లలో ఇదొకటి. నిండినప్పుడు నీటిమట్టం 885 అడుగులు. అప్పుడు ఇక్కడ పుట్టీలు తిరుగుతాయి. ఎండలు ముదిరి నీళ్లు దిగేకొద్దీ ముందు సంగమేశ్వరం గుడి శిఖరం తేలుతుంది. తర్వాత గుడి మొత్తం బయటపడుతుంది. వేపమొద్దు శివలింగాన్ని చూడటానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు, ఫొటోలు దిగుతారు, వెళ్లిపోతారు. ఆ బురద దారుల్లోనే గుడి వైపు కాకుండా మరోవైపు తిరిగే కుటుంబాలు కొన్ని ఉంటాయి. వాళ్లు వచ్చింది దేవుడి కోసం కాదు, ఇంటి కోసం.

1981 వేసవిలో ఈ ఊళ్లు ఖాళీ చేయించారు. కృష్ణకు ఇటూ అటూ కలిపి దాదాపు వంద గ్రామాలు, లక్ష మందికి పైగా జనం. ‘ఆపరేషన్ డెమోలిషన్’ అని దానికో పేరు కూడా పెట్టారు. ఇళ్లు కూల్చడానికి అంత పెద్ద పేరెందుకో! కూడవెల్లిలోని చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయీ విప్పి, అలంపురం తీసుకెళ్లి మళ్లీ నిలబెట్టారు. చేయాల్సిన పనే. కాకపోతే ఇళ్లను అలా విప్పి కట్టేవాళ్లెవరూ లేరు కాబట్టి ఆ పనేదో జనమే చేసుకున్నారు. బుల్డోజర్ రాకముందే మిద్దెలెక్కి దంతెలు పీకారు. దూలాలు దించారు. ద్వారబంధాలు ఊడదీసి ఎద్దుల బండ్లకెత్తారు.

అవ్వ వాళ్ల తలుపు అలాగే నందికొట్కూరు చేరింది. గడపతో సహా! రెండు గదుల కొత్త ఇంటికి ముందు వాకిలి నిలబెట్టి, ఆ తర్వాతే గోడలు లేపారట. నలభై ఏళ్లకు పైగా ఆ ఇంట్లో అందరూ తల వంచే లోపలికి వెళ్తున్నారు. కొత్త అల్లుళ్లకు నుదుటి మీద బొప్పి కట్టడం ఆనవాయితీ.

ఇప్పుడు ఆ ఇల్లూ పడగొడుతున్నారు. కొడుకు పైన మరో అంతస్తు వచ్చేలా స్లాబు వేయించాలనుకున్నాడు. కూల్చడానికి మనుషుల్ని మాట్లాడాడు. పాత కలప కొనే అతను వచ్చి తలుపు మీద చేత్తో తట్టి చూసి, మంచి టేకు అన్నాడు. ధర కూడా చెప్పాడు. ఆ రాత్రి అవ్వ అన్నం తినలేదు. వద్దనీ అనలేదు. ‘‘నాయనా, ముందొకసారి నన్ను ఊరికి తీసుకపో’’ అంది, అంతే.

వచ్చాక ఏడుస్తుందేమోనని కొడుకు భయపడ్డాడు. అవ్వ ఏడవలేదు సరికదా, నడుం కట్టి మనవరాలికి ఇల్లు చూపించడం మొదలుపెట్టింది. ‘‘ఇది పంచ. ఇది గాటిపాట, ఎద్దులు ఈడనే కట్టేస్తాంటిమి. ఇది వంటిల్లు...’’ అంటూ ఒక్కోచోటా నిలబడి చేతులు చాస్తుంటే, ఆ పిల్లకు గోడలు నిజంగానే లేస్తున్నట్లుంది. పొరపాటున కూడా గోడలోంచి నడవలేదు.

కొడుకు మాత్రం తనకోసం వేరే గుర్తులు వెతుక్కున్నాడు. ఊరు ఖాళీ చేసేనాటికి ఆయన ఎనిమిదో తరగతి. ఆయన ఇల్లంతా మిద్దె మీదే ఉండేది. వేసవి రాత్రుళ్లు నీళ్లు చల్లి చాపలు పరిస్తే చౌడుమట్టి వాసన! ఆ చౌడే మిద్దెకు కాపు. తడిస్తే బిగుసుకుని నీటిని కిందికి దిగనివ్వదు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు తెచ్చి పరవడం పిల్లల పని. మిద్దెకు నడుమ గవాచి. పగలు వెలుతురు అందులోంచే దిగేది. చినుకు పడగానే పరుగెత్తి దాన్ని బండతో మూయాలి. ఎవరు ముందు మూస్తారని అన్నదమ్ములకు పోటీ. ఒకసారి ఆటలో పడి మరచిపోతే వాన నేరుగా అవ్వ పొయ్యిలోకే పడిందట.

పెరట్లో ఓచోట నేల కాస్త కుంగి గుండ్రంగా కనిపించింది. ‘‘పాతర!’’ అని అరిచాడాయన, యాభై దాటిన సంగతి మరచిపోయి. జొన్నలు పోసి మట్టి కప్పే గొయ్యి అది. తీసినరోజు పిల్లల్ని దరిదాపులకు రానిచ్చేవారు కాదు. మూసిన పాతరలో గాలి చెడిపోయి ఉంటుంది, దిగితే ప్రాణం మీదికొస్తుంది. మూత తీసి చాలాసేపు వదిలేసి, తర్వాత తాడుతో దీపం దించేవారు. దీపం ఆరిపోతే ఇంకా ఆగాలి. వెలుగుతుంటే మనిషి దిగొచ్చు. ఆ దీపం కిందికి వెళ్తుంటే తాను ఊపిరి బిగబట్టి నిలబడటం ఆయనకింకా గుర్తే. ఇప్పుడందులో జొన్నల్లేవు, గాలీ లేదు. గొంతుదాకా ఒండ్రే.

వంటింటి చోట రోలు దొరికింది. సగం పూడిపోయింది. అప్పట్లో బండిలో చోటులేక వదిలేసిన రోలు. చేత్తో మట్టి తీసి, కొంగుతో తుడిచి, దాని పక్కనే కూర్చుంది అవ్వ. తెచ్చుకున్న జొన్నరొట్టెలు, చెనిక్కాయల ఊరిబిండి అక్కడే విప్పింది. ముగ్గురూ ‘వంటింట్లో’ కూర్చుని తిన్నారు.

తింటుండగా అటుగా మరో కుటుంబం వచ్చింది. వాళ్లది రెండిళ్ల అవతల. ఇప్పుడు ఉండేది కొల్లాపూర్ దగ్గర. నది అడ్డం, రాష్ట్రాలూ వేరే. ఒకప్పుడు నిప్పు అడిగి తెచ్చుకున్న ఇరుగుపొరుగు! కాసేపటికి మాటలు ఎప్పటిలాగే 98వ నంబరు జీవోకు మళ్లాయి. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో ఇచ్చిన జీవో అది. కొడుకూ దరఖాస్తు పెట్టాడు. పిలుపు కోసం చూస్తుండగానే వయసు దాటిపోయింది. అవతలి ఆయనదీ అదే కథ. పరిహారం కాగితాలు ఇద్దరి దగ్గరా ఉన్నాయి. అందులో ఈ ఇల్లు ఓ మట్టి మిద్దె. చౌడు, గవాచి, పాతర వంటి వివరాలు కాగితంలో ఉండవు కదా.

ఎండ వాలింది. బయల్దేరుతుంటే కొడుకు వాకిలి దగ్గర ఆగాడు. గొంతుక్కూర్చుని రెండు రాళ్ల మధ్య ఖాళీని జానలతో కొలిచాడు. నాలుగు జానలు, పైన బెత్తెడు. మళ్లీ కొలిచాడు. అంతే వచ్చింది. అవ్వ చూసీ చూడనట్లు చెప్పులు తొడుక్కుంది. వెళ్లేటప్పుడూ వాకిట్లోంచే, తల వంచే.

నందికొట్కూరు చేరేసరికి చీకటిపడింది. చేయి కూడా కడుక్కోకుండా ఆయన నేరుగా తలుపు దగ్గరకు వెళ్లి గడప కొలిచాడు. నాలుగు జానలు, పైన బెత్తెడు. అప్పుడే ఫోన్ మోగింది. పాత కలప కొనే అతను... రేపు బండి పంపమంటారా అని.

‘‘రెండు రోజులు ఆగు’’ అన్నాడు ఆయన. లోపల అవ్వ అన్నం వడ్డిస్తోంది.