తాళపత్ర చిత్రముల ముద్రణ: చుక్కల లెక్క

పరిష్కృత గ్రంథమునకు ముందు మాతృక యొక్క ఒకటి రెండు ఆకుల ఛాయాచిత్రములను అచ్చు వేయుట మంచి సంప్రదాయము. పరిష్కర్త చదివిన పాఠము సరియైనదో కాదో చదువరి తానే చూచుకొనుటకు అది ఆధారము. అలుకుకుపోయిన చిత్రమైనచో ఆ ప్రయోజనము సున్న.

కొత్తవలస ప్రాంతమున ఒక యింటి అటకపై తాళపత్ర గ్రంథము దొరకిన దనుకొన్నచో, నేడు దానిని సెల్‌ఫోనుతో తీసి వాట్సాప్‌లో విజయనగరమునకో విశాఖపట్టణమునకో పంపుదురు. రైలుకు దగ్గరి దూరమే గాని, ఆ చిత్రము మాత్రము దారిలో చిక్కిపోవును. ఫొటోగా పంపిన దానిని ఆ సాధనము కుదించును. డాక్యుమెంటుగా పంపినచో యథాతథముగా చేరును.

అసలు పొరపాటు తరువాత జరుగును. అంగుళమునకు 300 చుక్కలు కావలెనని ప్రెస్సువారు కోరగా, కంప్యూటరులో 72 అని యున్నచోట 300 అని దిద్ది పని ముగిసిన దనుకొందురు. అడ్డముగా 1200 పిక్సెళ్లున్న చిత్రము ఆ లెక్కన 4 అంగుళములకే చాలును. 8 అంగుళములకు సాగదీసినచో అంగుళమునకు 150 మాత్రమే మిగులును. తక్కువైన వానిని కంప్యూటరు ప్రక్క పిక్సెళ్లను బట్టి ఊహించి నింపును. మూలమున లేనిదానిని లేఖకుడు చేర్చినచో ప్రక్షిప్త మనుచున్నారు గదా, యంత్రము చేర్చినదానికి వేరొక పేరేల?

తెలుగు లిపికి ఈ హాని మరింత యెక్కువ. ద, ధ, థ లకు గల భేదము ఒక చిన్న గీత, ఒక చుక్క. అవి కరగిపోయినచో రథము రదమగును; తేరున్నచోట దంతము వచ్చి కూర్చుండును. ప్రాచీన లేఖకులు ఒత్తును విడిచిన చోట్లును కలవు. అట్టిచోట లేఖకుడే విడిచెనో, చిత్రములో పోయెనో తేల్చుటకు ఉపాయముండదు. పాఠనిర్ణయమంతయు ఆ సందేహముపైనే నిలుచును.

కావున తీయునప్పుడే లెక్క చూచుకొనవలెను. 15 అంగుళముల ఆకును అసలు పరిమాణమున అచ్చు వేయుటకు అడ్డముగా 4500 పిక్సెళ్లు కావలెను. 5 అంగుళముల పుటలో ఆకంతటిని ఇమిడ్చినచో అక్షరములు మూడవ వంతునకు క్షీణించును. మూడు ఖండములుగా ఒకదాని క్రింద నొకటి వేయుట మేలు. కేవలము నలుపు తెలుపులుగా స్కాను చేయుట తగదు. మరకయు అక్షరమును ఒకే నలుపగును.

2025-26 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించిన జ్ఞానభారతము కోటికి పైగా వ్రాతప్రతులను ఉద్దేశించినది. అది అటక వరకు వచ్చుదాక పురుగు ఆగదు. ఇంటివారు తీసిన చిత్రమే కొన్ని గ్రంథములకు చివరి సాక్ష్యము కావచ్చును. ఆ మూలచిత్రమును తగ్గింపక వేరుగా దాచి, ముద్రణకు నకలును మాత్రమే సవరింపవలెను.