చదునైన నేల మీద అన్ని బళ్ళూ బావుంటాయి

పెద్ద టైర్లేసిన బండి రోడ్డు మీద కనిపిస్తే నా కళ్ళు ఇప్పటికీ అటే పోతాయి. అందులో దాచుకోవడానికేమీ లేదు. కాకపోతే ఈ మధ్య "భలే ఉందే" అనుకునేలోపే ఇంకో ప్రశ్న అడ్డొస్తోంది: దీన్ని ఎక్కడ టెస్ట్ చేసుంటారు? అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే. టైర్ల షాపు పార్కింగ్ లాట్‌లో. స్టీరింగ్ ఇటు తిప్పాం, అటు తిప్పాం, ఎక్కడా తగల్లేదు, ఫొటో తీసుకున్నాం, ఇంటికొచ్చేశాం.

మన భాషలో చెప్పాలంటే, యూనిట్ టెస్ట్ కూడా రాయకుండా శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి తోసెయ్యడం అన్నమాట. ఎవర్నో వెక్కిరించడానికి అనట్లేదు. నేనూ సరిగ్గా ఇదే చేశాను కాబట్టే చెప్తున్నాను.

నాది 1985 మోడల్ టొయోటా పికప్. అమెరికాలో ఈ పికప్‌కి ముందువైపు కూడా సాలిడ్ యాక్సిల్ ఇచ్చిన ఆఖరి సంవత్సరం అదే. 1986 నుంచి ముందు చక్రాలకి ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చేసింది. 'బ్యాక్ టు ద ఫ్యూచర్' సినిమాలో కుర్ర హీరో చూసి కలలు కనేది కూడా 1985 టొయోటా పికప్పే. బే ఏరియాలో ఉద్యోగం చేసుకునే నాలాంటివాడికి అంతకన్నా ఏం కారణం కావాలి చెప్పండి :)

సాలిడ్ యాక్సిల్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. మనూళ్ళో లారీ కింద ఎప్పుడైనా వంగి చూశారా? రెండు చక్రాల మధ్య లావుపాటి ఇనప హౌసింగ్ అడ్డంగా ఉంటుంది, దాని మీద కమాను పట్టీలు. అదే సాలిడ్ యాక్సిల్. ఎడమ చక్రం రాయెక్కితే ఆ హౌసింగ్ మొత్తం వాలుతుంది, కుడి చక్రం కిందకి దిగుతుంది. పిల్లలాడుకునే సీసా లాగా. రాళ్ళల్లో, గుంటల్లో ఇది భలే పని చేస్తుంది, టైరు నేలని వదలదు. కానీ ఒక చక్రం సంగతి రెండో చక్రంతో ముడిపడి ఉంటుంది. రెండు మాడ్యూళ్ళు టైట్‌గా కపుల్ అయిపోయిన కోడ్ గుర్తొస్తోంది కదూ.

దీనికి కంపెనీ ఇచ్చిన టైర్లు 225/75 ఆర్15. లెక్కేస్తే ఎత్తు 28.3 అంగుళాలు. నేను వేసింది 33 అంగుళాలవి. వాటికి చోటు కావాలి కాబట్టి 3 అంగుళాలు ఎత్తు పెంచే కమాన్లు కూడా బిగించాం. బండి నిలబడితే, అబ్బో, పోస్టర్‌లా ఉంది.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. 33ని 28.3తో భాగిస్తే సుమారు 1.17. అంటే స్పీడోమీటర్ 60 చూపిస్తుంటే నిజంగా పోయేది 70. నాది 4.10 నిష్పత్తి ఉన్న క్రౌన్ పినియన్. అది ఇప్పుడు దాదాపు 3.5 ఉన్నట్టు పనిచేస్తుంది. కొత్తప్పుడే అంతంతమాత్రం బలమున్న నాలుగు సిలిండర్ల ఇంజను, చిన్న ఎత్తుకి కూడా ఆయాసపడేది. పాత పద్ధతిలోకి రావాలంటే 4.88 వెయ్యాలి, అదీ ముందు వెనక రెండిటికీ. రెండూ ఒకటే కాకపోతే ఫోర్‌వీల్‌లో పెట్టగానే యాక్సిల్స్ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఇంతవరకూ అందరూ చెప్పేదే, నేనూ ముందే చదువుకున్నదే. నాకు తెలియంది వేరే ఉంది.

టైర్లేసిన రెండో వారంలో, చినుకులు పడుతున్నాయి, పక్కన మా పాప కూర్చునుంది. సిగ్నల్ ఎర్రగా మారింది, బ్రేక్ తొక్కాను. బండి ఆగింది, కానీ గీత దగ్గర కాదు. జీబ్రా క్రాసింగ్ సగం దాటాక. అదృష్టం కొద్దీ అప్పుడు ఎవరూ దాటట్లేదు. పాప "నాన్నా, ముందుకొచ్చేశాం" అంది, అంతే. నాకు మాత్రం ఇంటికెళ్ళేదాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

షాపు వాళ్ళకి ఫోన్ చేస్తే "పెద్ద టైర్లు కదండీ, కొంచెం అలాగే ఉంటుంది" అన్నారు. కొంత నిజమే. టైరు బరువు పెరిగింది, వ్యాసం పెరిగింది, అదే బ్రేకు అంతకన్నా ఎక్కువ పని చెయ్యాలి. కానీ అది మాత్రమే అయితే మొత్తం బండి బరువుగా ఆగినట్టుండాలి. నాకేమో వెనక బ్రేకులు అసలు పట్టట్లేదనిపించింది.

ఆ రాత్రి బాబాయికి ఫోన్ చేశాను. విజయవాడ ఆటోనగర్‌లో లారీల కిందే జీవితం గడిపిన మనిషి. అంతా విని అడిగిన మొదటి ప్రశ్న, "ఒరే అబ్బాయ్, బండి గుంటలో పడ్డప్పుడు కింద ఏం జరుగుతోందో చూశావా?"

"లేదు బాబాయ్, ఇంటి ముందు నిలబెట్టి చూశాం."

"నిలబెట్టి చూస్తే అన్ని బళ్ళూ బానే ఉంటాయిరా. ఛాసిస్‌కి జాకీ పెట్టి లేపు. యాక్సిల్ వేళ్ళాడనియ్యి. అప్పుడు దూరి చూడు."

మర్నాడు లేపాను. ఛాసిస్‌కి స్టాండ్లు పెట్టి, యాక్సిల్ పూర్తిగా కిందకి వేళ్ళాడనిచ్చాను. ముందు బ్రేక్ గొట్టం వీణ తీగలా బిగుసుకుపోయి ఉంది. ఛాసిస్ నుంచి యాక్సిల్‌కి వెళ్ళే రబ్బరు గొట్టం అది. ఇంకో అంగుళం దిగితే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు. ఏదో దారిలో ఒక చక్రం గుంటలోకి పూర్తిగా దిగిన రోజు, ఆ గొట్టం తెగుండేది.

వెనక బ్రేకుల సంగతి ఇంకా తమాషా. ఈ పికప్‌లో బరువుని బట్టి వెనక బ్రేకుకి ప్రెషర్ పంచే ఒక వాల్వు ఉంటుంది. అది ఛాసిస్‌కి బిగించి ఉంటుంది, దాన్నుంచి ఒక కడ్డీ యాక్సిల్‌కి. తొట్టిలో బరువేస్తే ఛాసిస్ యాక్సిల్‌కి దగ్గరవుతుంది, కడ్డీ కదులుతుంది, వాల్వు వెనక బ్రేకుకి ఎక్కువ ప్రెషర్ ఇస్తుంది. నేను 3 అంగుళాల కమాన్లు వేశాను కదా, ఛాసిస్ యాక్సిల్‌కి దూరమైంది. వాల్వుకి అర్థమైంది ఒక్కటే: తొట్టి ఖాళీ, ఖాళీ కన్నా ఖాళీ. కాబట్టి వెనక బ్రేకుకి ప్రెషర్ తగ్గించేసింది. దాని తప్పేం లేదు, దానికి చెప్పినట్టే చేసింది. ఎప్పుడో ఒక ఇంజనీరు "ఈ దూరం పెరిగితే బరువు తగ్గినట్టు" అని రాసుకున్న నియమాన్ని, దాని పేరు కూడా తెలియకుండా నేను మార్చేశాను. యాక్సిల్ వైపు బ్రాకెట్‌ని 3 అంగుళాలు పైకి తెచ్చి, గొట్టం పొడుగుది వేయించాక బ్రేకు దారికొచ్చింది.

ఆ తర్వాతే హోలిస్టర్ హిల్స్‌కి తీసుకెళ్ళాను. గుంటని తిన్నగా కాకుండా మూలగా దాటించాను, ఎడమ ముందు చక్రం పైకి, కుడిది కిందకి. అదే భంగిమలో స్టీరింగ్ మెల్లగా చివరిదాకా తిప్పాను. స్నేహితుడు బయట దూరంగా నిలబడి చూస్తున్నాడు. పార్కింగ్ లాట్‌లో ఎక్కడా తగలని టైరు లోపలి మడ్‌గార్డు అంచుని బరబరా గీకింది. దానికి ఇంకాస్త ఎత్తు లేపడం మందు కాదు. బంప్ స్టాప్ పొడుగుది వేస్తే చాలు. చక్రం కొంచెం తక్కువ పైకెళ్తుంది, టైరు బతుకుతుంది.

ఈ సరదాలో ఒక కొలత ఉంది, ర్యాంప్ ట్రావెల్ ఇండెక్స్ అంటారు. 20 డిగ్రీల ర్యాంపు మీదకి ఒక ముందు చక్రాన్ని ఎక్కిస్తారు. ఇంకో చక్రం నేల వదిలేదాకా ఎంత దూరం ఎక్కిందో కొలిచి, వీల్‌బేస్‌తో భాగించి వెయ్యితో గుణిస్తారు. 100 అంగుళాల వీల్‌బేస్ బండి 50 అంగుళాలు ఎక్కితే 500. మంచి కొలతే, కానీ మనవాళ్ళు దాన్ని కోడ్ కవరేజ్ శాతం లాగా వాడతారు. నంబరు పెరిగితే చాలు. ఆ నంబరు కోసం చక్రాలు ఎంత వేళ్ళాడితే అంత గొప్ప అనుకుంటారు. గొట్టం ఎంత పొడుగుందో ఆ నంబరు చెప్పదు. బ్రేకు పడుతుందో లేదో అసలే చెప్పదు.

అందుకే నా అభిప్రాయం ఖరాఖండిగా చెప్తాను. సస్పెన్షన్ టెస్ట్ అంటే చెడ్డవన్నీ ఒకేసారి రావాలి: ఒక చక్రం పూర్తిగా పైకి, ఒకటి పూర్తిగా కిందకి, స్టీరింగ్ చివరికి, తొట్టిలో బరువు. ఆ తర్వాత ఖాళీ స్థలంలో గట్టిగా బ్రేకు, ముందు ఖాళీగా, తర్వాత బరువుతో. ఇవయ్యేదాకా ఇంట్లోవాళ్ళని ఎక్కించకూడదు. రెండోది, మీరు వెళ్ళే దారికి సరిపోయే అతి చిన్న టైరు చాలు. నిజం చెప్పాలంటే నాకు 31 అంగుళాలవి సరిపోయేవి. 33 వేసింది దారి కోసం కాదు, ఫొటో కోసం.

హైదరాబాద్‌లో జిమ్నీ, థార్ కొనుక్కున్న మిత్రులకి ఒక మాట. 2023లో మనదేశంలో వచ్చిన జిమ్నీకి ముందూ వెనకా సాలిడ్ యాక్సిలే, 2020 థార్‌కి వెనక మాత్రమే. లిఫ్ట్ కిట్లు దొరుకుతాయి, కుర్రాళ్ళు బిగించేస్తారు. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. "ఇదెక్కడి చాదస్తం" అని నేనూ ఒకప్పుడు అనుకున్నవాడినే. ఆ సిగ్నల్ దగ్గర ఆగాక అనుకోవడం మానేశాను. ఆ రోజు జీబ్రా క్రాసింగ్ మీద ఎవరైనా ఉండుంటే, బండి నాది, సరదా నాది, దెబ్బ మాత్రం వాళ్ళది.

ఆఫీసులో ఎవరైనా "నా మెషీన్‌లో పనిచేస్తోందండీ" అంటే ఎంత నవ్వుతాం! సొంత బండి దగ్గరికొచ్చేసరికి నేను అన్నది అక్షరాలా అదే మాట. బాబాయి పదో తరగతి దాటలేదు. కానీ టెస్టింగ్ అంటే ఏంటో నాకు చెప్పింది ఆయనే.