మన గొంతులు ఎవరి సర్వర్లకు పంపుతున్నాం?

క్యామ్‌కార్డర్ ఫైల్లోంచి ఆడియో తీయడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఆ ఫైలును ఏ వెబ్‌సైటుకూ పంపక్కర్లేదు. ఈ రెండు ముక్కలు పెద్దక్షరాలతో రాసి హైదరాబాద్ అశోక్‌నగర్‌లోని ప్రతి జిరాక్స్ షాపు అద్దం మీదా అంటించాలని ఉంది నాకు. ఎందుకంటే అక్కడ రోజూ జరుగుతున్నది దీనికి పూర్తిగా విరుద్ధం.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఏ సాయంత్రమైనా చూడండి. పుస్తకావిష్కరణో, అవధానమో, సంగీత కచేరీయో జరుగుతూ ఉంటుంది. వెనక వరసలో ట్రైపాడ్ మీద ఒక క్యామ్‌కార్డర్ రికార్డు చేస్తూ ఉంటుంది. కొన్నాళ్లకు ఎవరో అడుగుతారు, ‘ఆ రోజు మాస్టారి ఉపన్యాసం ఆడియో ఉంటే వాట్సాప్‌లో పెట్టండి సార్’ అని. నిర్వాహకుడు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని షాపుకు వెళ్తాడు. షాపులో కుర్రాడు ‘ఎంటీఎస్ టు ఎంపీత్రీ’ అని కొట్టి, మొదట కనిపించిన సైటు తెరిచి, ఫైలంతా పైకి ఎక్కించేస్తాడు. ఆ కుర్రాణ్ణి నేనేమీ అనను. అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన స్టూడియోలవాళ్లు, కంప్యూటర్ నేర్పేవాళ్లు, సాహిత్య సంస్థల పెద్దలు నోరు మెదపలేదు. నా కోపం వాళ్ల మీద.

ఆ ఫైల్లో ఏముందో చూద్దాం. 2006లో సోనీ, పానసోనిక్ కలిసి తెచ్చిన ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో రికార్డయిన ఫైలుకు చివర ఎంటీఎస్ అని ఉంటుంది. అందులో బొమ్మ వేరు, శబ్దం వేరు. రెండూ ఒకే సంచిలో పక్కపక్కన ఉంటాయి, అంతే. శబ్దం ఎక్కువగా డాల్బీ వారి ఏసీత్రీ రూపంలో ఉంటుంది. సెకనుకు 17 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంట వీడియో దాదాపు 7.6 జీబీ అవుతుంది. అందులో శబ్దం సెకనుకు 256 కిలోబిట్లు అనుకుంటే గంటకు 115 ఎంబీ. అంటే మొత్తంలో నూటికి రెండు వంతులు కూడా లేదు. ఆ రెండు వంతుల కోసం తొంభై ఎనిమిది వంతులనూ ఊరూ పేరూ లేని సర్వర్‌కు పంపుతున్నాం. గరిటెడు మీగడ కోసం బిందెడు పాలను ముక్కూమొహం తెలియని వాడింటికి మోసుకెళ్లినట్టు. సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్న కనెక్షన్ మీద ఇది గంటా నలభై నిమిషాల పని. అదే పని ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద, నెట్ తీసేసి, నిమిషాల్లో అవుతుంది.

పోనీ, అంత కష్టపడి తెచ్చుకున్నదైనా అసలు శబ్దమా? కాదు. చాలా సైట్లు దాన్ని విప్పి, మళ్లీ నలిపి, 128 కిలోబిట్ల ఎంపీత్రీ చేసి చేతిలో పెడతాయి. ఏసీత్రీ చేసినప్పుడే క్యామ్‌కార్డర్ కొంత శబ్దాన్ని వదిలేసింది. ఎంపీత్రీ మరికొంత వదిలేస్తుంది. మృదంగం మీద పడే ప్రతి దెబ్బకూ ముందు ఒక మసక చేరుతుంది. తాళాల మొన అరిగిపోతుంది. తంబురా శ్రుతి చుట్టూ నీళ్లు కదిలిన చప్పుడు మొదలవుతుంది. ఉపన్యాసమైతే ఫర్వాలేదనుకుంటారు. నేనలా అనుకోను. వక్త ఊపిరి పీల్చుకున్న చోటు, మాట కోసం ఆగిన చోటు, సభలో వెనకెక్కడో ‘ఆహా’ అన్న గొంతు, ఇవన్నీ ఆ సభలో భాగాలే.

ఇంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. దాన్ని ఎవరూ గమనించరు. క్యామ్‌కార్డర్ పొడవైన రికార్డింగును ఒకే ఫైలుగా ఉంచదు. మోడల్‌ను బట్టి 2 జీబీ దగ్గరో 4 జీబీ దగ్గరో తెంపి తరువాతి ఫైలు మొదలుపెడుతుంది. ఆ తెగిన చోటు శబ్దపు కొలతతో సరిపోదు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఏసీత్రీ ఒక్కో ముక్క 32 మిల్లీసెకన్లు, మన వీడియోలో ఒక్కో బొమ్మ 40. సగం ముక్క ఈ ఫైల్లో, సగం ఆ ఫైల్లో పడతాయి. ఒక్కో ఫైలును విడివిడిగా సైటుకిచ్చి, వచ్చిన ఎంపీత్రీలను తరవాత అతికితే అతుకు దగ్గర శబ్దం తెగుతుంది. అవధానంలో అది ఎక్కడ పడుతుందో ఎవరికి తెలుసు? ఘంటాగణనంలో ఒక గంట మీద పడవచ్చు. ఉత్పలమాల పాదంలో యతి స్థానం మీద పడవచ్చు. యాభై ఏళ్ల తర్వాత వినేవాడు అవధాని తప్పాడనుకుంటాడు! తెగిన ఫైళ్లను ముందు వరసగా కలిపి, తరవాతే శబ్దం తీయాలి. ఎంటీఎస్ ఫైళ్లు అలా కలపడానికి అనువుగానే ఉంటాయి.

మరి ఎలా తీయాలి? 2000లో ఫాబ్రిస్ బెల్లార్ మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఆ ఆన్‌లైన్ సైట్లలో చాలావాటి వెనక పని చేసేది కూడా ఇదే. దానికి రెండు ఆజ్ఞలు చాలు: వీడియో వద్దు, ఆడియోను ఉన్నదున్నట్టు కాపీ చెయ్యి. విప్పడం లేదు, నలపడం లేదు. క్యామ్‌కార్డర్ రాసిన శబ్దం ఒక్క బిట్టు మారకుండా బయటికి వస్తుంది. వాట్సాప్‌కు చిన్న ఫైలు కావాలంటే దీన్నుంచి వేరే కాపీ చేసుకోండి. ఆజ్ఞలు టైపు చేయడం రాదంటే వీఎల్‌సీ ఉంది. అందులో కన్వర్ట్ మెనూకు వెళ్లి అసలు ఆడియో ట్రాక్‌ను అలాగే ఉంచమని చెప్పవచ్చు.

అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండే పిల్లల దగ్గర ల్యాప్‌టాప్ ఎక్కడిదని అడుగుతారు. నిజమే. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు రికార్డు చేసిన పాఠాన్ని చిక్కడపల్లి గ్రంథాలయానికి నడుస్తూ వినాలనుకుంటారు. వాళ్లకు కన్వర్టరే అక్కర్లేదు. ఫోన్లో వీఎల్‌సీ వీడియోను ఆడియోగానే వినిపిస్తుంది, స్క్రీన్ ఆపేసినా సరే.

ఇక రక్షణ మాట. ఉచిత ఆన్‌లైన్ కన్వర్టర్ల పేరుతో కంప్యూటర్లలోకి మాల్‌వేర్ ఎక్కిస్తున్నారని అమెరికా ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం 2025 మార్చిలో హెచ్చరించింది. ఒక్క జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో అది దూరితే, ఆ రోజు హాల్‌టికెట్, ఆధార్ ప్రింటు తీసుకున్న ప్రతి పిల్లాడి పెన్‌డ్రైవ్‌కూ దారి దొరికినట్టే. గొంతు సంగతి ఇంకా ఘోరం. కొన్ని సెకన్ల మాట దొరికితే నకిలీ గొంతు తయారుచేసే రోజులివి. మనం గంటల కొద్దీ పంపుతున్నాం, అదీ ఇంట్లో పెళ్లి మాటలు, అమ్మమ్మ పాటలు, పిల్లల పేర్లు, మొహాలతో సహా. ‘గంటలో తుడిచేస్తాం’ అని సైటు రాసుకుంటుంది. తుడిచారో లేదో చూసి వచ్చే దారి మనకు లేదు. అన్నీ ఒకలాంటివని అనను. ఫైలును మన బ్రౌజర్‌లోనే మార్చేవీ కొన్ని ఉన్నాయి. పరీక్ష సులువు: పేజీ తెరిచాక నెట్ ఆపేయండి. అప్పటికీ పని జరిగితే ఫైలు మీ దగ్గరే ఉంది.

ఇక మళ్లీ వినలేని గొంతుల మాట. కవి సినారె 2017 జూన్ 12న వెళ్లిపోయారు. మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ 2018 జూన్ 19న వెళ్లిపోయారు. ఆయన కళంతా గొంతే కదా! ఆ తరం మాట ఎన్ని ఇళ్ల అటకల మీద మినీడీవీ టేపుల్లో ఉందో. ఆ టేపుల్లో చాలావాటిలో ఏ నలుపుడూ లేని 16 బిట్ల శబ్దం ఉంటుంది, గంటకు దాదాపు 690 ఎంబీ. దాన్ని డీవీడీ చేయించి, డీవీడీ నుంచి సైటులో ఎంపీత్రీ చేయించి, టేపును చెత్తలో వేసినవాళ్లు నాకు తెలుసు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఒక గదిలో ఒక కంప్యూటర్, ఒక కార్డ్ రీడర్, టేపుల కోసం ఒక ఫైర్‌వైర్ కార్డు, నడిచే పాత మినీడీవీ క్యామ్‌కార్డర్ ఒకటి పెట్టమని అడుగుతున్నాను. సాఫ్ట్‌వేర్‌కు పైసా ఖర్చు లేదు. పని తెలిసిన మనిషి వారానికి రెండు పూటలు కూర్చుంటే చాలు. నారాయణగూడ నుంచి ఎవరైనా నడిచి రాగలరు, మెట్రో దిగి రాగలరు. గానసభలో కార్యక్రమం పెట్టే ప్రతి సంస్థా అసలు ఫైలు ఒకటి, తీసిన ఆడియో ఒకటి, వక్త పేరూ తేదీతో అక్కడ ఇచ్చి వెళ్లాలి.