ట్రాక్టరుకు సింగారం సరే... వెనుక ఎర్ర దీపం ఏదీ?

బేతంచెర్ల నుంచి డోన్ పోయే రోడ్డు పక్కన దీపాలు పెట్టే వేళ ఒక అరగంట నిలబడి చూడండి. ఎదురుగా వచ్చే ట్రాక్టర్లను చూడటానికి రెండు కండ్లు చాలవు. టాపు మీద వరుసగా నాలుగు ఫోకస్ లైట్లు, బానెట్ ముందర స్టీలు గొట్టాల గార్డు, అద్దాలకు రంగుల కుచ్చులు, మడ్గార్డులకు పూల స్టిక్కర్లు, పై నుంచి పాట. అదే ట్రాక్టరు మిమ్మల్ని దాటిపోయాక వెనక్కి తిరిగి చూడండి. ట్రాలీ కనబడదు, ట్రాలీలో ఉన్న రాయి కనబడదు. అంతా చీకటే. ముందు నుంచి చూస్తే పెండ్లికొడుకు, వెనుక నుంచి చూస్తే దొంగ.

రైతు ఇంట్లో ట్రాక్టరంటే ఒట్టి యంత్రం కాదు, అది ఇంటి బండి. పొద్దున దుక్కి దున్నుతుంది, మధ్యాహ్నం మందు కొట్టడానికి నీళ్ల డ్రమ్ములు మోస్తుంది, పని లేని నెలల్లో క్వారీ నుంచి నాపరాయి తోలుతుంది, ఇంటిల్లిపాదినీ మద్దిలేటి స్వామి గుడికి తీసుకుపోతుంది. షోరూములో ఇచ్చింది ఇచ్చినట్టే వాడుకునే రైతును నేనైతే ఇంతవరకు చూడలేదు. బండి ఇంటికొచ్చి, టెంకాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించిన మరుసటి రోజే వెల్డింగు షాపుకు ప్రయాణం. దానికి ఒకటి, దీనికి ఒకటి బిగిస్తూ పోతే యాభై, అరవై వేలు ఎక్కడ పోయినాయో కూడా తెలియదు.

తప్పు పట్టడానికి చెప్పడం లేదు. ఇది మనకు తాతల నాటి అలవాటే. మా నాయన కాలంలో ఎద్దుల బండికి గూడు కట్టించడం, ఎద్దుల మెడకు గంటలు, ఏరువాక పున్నమికి కొమ్ములకు రంగు, ఇవన్నీ సింగారాలే కదా? వాటి మధ్యనే ఒక మంచి మార్పు కూడా వచ్చింది. ఇనుప పట్టా వేసిన కొయ్య చక్రాలు తీసేసి గాలి టైర్లు వేయించుకున్నారు. టైరు బండి వచ్చినాక అవే ఎద్దులు ఎక్కువ బరువు లాగినాయి, రోడ్డు చెడిపోలేదు, ఎద్దు మెడ కాయలు కాయడం తగ్గింది. బండికి డబ్బులు పెట్టడమంటే అదీ. అయితే ఆ రోజుల్లో బండి నడక ఎద్దు నడకే. చీకటి పడి యజమాని కునుకు తీసినా ఎద్దులు ఇంటి దారి పట్టేవి. ట్రాక్టరుకు ఆ జ్ఞానం లేదు.

ఇప్పుడు మడ్గార్డు మీద కుర్చీ సంగతి చెప్తాను. ఇది ఎవరి మీదో వేసే మాట కాదు, నా ఇంటి మాటే. 2012లో మా అన్నదమ్ములం కలిసి పాత ట్రాక్టరు ఒకటి కొన్నాం. మా పెద్దోడికి అప్పుడు ఎనిమిదేండ్లు. నా పక్కన కూర్చుని చేనికి రావాలని వాడిది ఒకటే పోరు. నేనే దగ్గరుండి ఎడమ మడ్గార్డు మీద కుర్చీ వెల్డింగు పెట్టించినా. మెత్తని దిండు, పట్టుకోను ఒక కడ్డీ. ఊర్లో నలుగురు చూసి మెచ్చుకున్నారు. ఇద్దరు వాళ్ల ట్రాక్టర్లకు కూడా పెట్టించుకున్నారు. ఆ పాపం కూడా నాదే.

ఆ ఏడాది విత్తనం వేళ, చేని గట్టు దాటుతుంటే ముందు చక్రం దిగి, వెనుక చక్రం ఎగిరింది. వాడి చెయ్యి కడ్డీ మీద నుంచి జారింది. వెనుక టైరుకు ముందర పడాల్సినోడు, దిండు నున్నగా ఉండటంతో పక్కకు జారి దుక్కిలో పడినాడు. ముంజేయి విరిగింది. నేను క్లచ్చి తొక్కి బ్రేకు వేసేలోపు బండి ఇంకో రెండు గజాలు పోయింది. ఆ రెండు గజాల్లో వాడు లేడు. అంతే తేడా. కట్టు కట్టించుకొని వచ్చినాక మూడు దినాలు ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. నాలుగో దినం పోయి కుర్చీ కోయించినా. పెట్టినదానికంటే కోసినదానికి తక్కువే తీసుకున్నాడు షాపాయన.

మీరొకసారి ఇంట్లో ఆర్సీ తీసి చూడండి. కూర్చునేవాళ్ల సంఖ్య దగ్గర చాలా ట్రాక్టర్లకు 1 అని ఉంటుంది. ఆ ఒక్కరూ డ్రైవరే. మడ్గార్డు మీద కూర్చున్న మనిషికి ఏమైనా అయితే పాలసీ వర్తించదని బీమా కంపెనీలు కోర్టుల్లో వాదిస్తూనే ఉన్నాయి, చాలా కేసుల్లో ఆ వాదన నెగ్గింది. ముందు కంపెనీ కట్టి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలన్న తీర్పులూ ఉన్నాయి. ఎట్లా చూసినా చివరికి పోయేది మన చేనే. వ్యవసాయం పేరుతో పాలసీ కట్టి బాడుగకు రాయి తోలే వాళ్లకు కూడా ఇదే చిక్కు. ప్రమాదం జరిగినాక కంపెనీ మొదట అడిగేది ఆ పొద్దు ట్రాలీలో ఏముండిందనే.

లైట్ల దగ్గరికి వద్దాం. ట్రాక్టరు హెడ్‌లైటు బల్బులు సాధారణంగా 55, 60 వాట్లవి ఉంటాయి. 12 వోల్టుల మీద రెండూ కలిపి పది ఆంపియర్ల లోపు కరెంటు లాగుతాయి. వాటిని తీసి 100 వాట్లవి రెండు వేస్తే పదహారు, పదిహేడు ఆంపియర్లు అవుతుంది. వైరు మాత్రం పాతదే, స్విచ్చి పాతదే. ఫ్యూజు మాటిమాటికీ పోతోందంటే సిగరెట్ డబ్బాలోని తగరపు కాగితం చుట్టి పంపించే మెకానిక్కులు ఉన్నారు. ఫ్యూజు పోవడం రోగం కాదు, రోగం ఉందని చెప్పడం. అది నోరు మూసుకుంటే వైరు కాలుతుంది. వెనుక ఎండిన వేరుశనగ కట్టె వేసుకొని పోయేవాళ్లకు నిప్పు సంగతి నేను చెప్పాల్సిన పని లేదు. ఎక్కువ వెలుతురు కావాల్సిందే అంటే బ్యాటరీ నుంచి వేరుగా మందం వైరు లాగించి, రిలే, ఫ్యూజు పెట్టించుకోండి. ఈ పని చేతకాని మెకానిక్కుకు బండి ఇవ్వొద్దు.

ఇంకో పొరపాటు కూడా చూస్తుంటాను. రాత్రి దుక్కి కోసం వెనుక వైపు తెల్ల దీపం ఉంటుంది కదా, దాన్ని రోడ్డెక్కినా ఆర్పరు. "వెనుకొచ్చేటోడికి కనపడతాదిలే అన్నా" అంటారు. కనపడేది దీపమొక్కటే. దాని వెలుతురు కండ్లలో కొట్టి ట్రాలీ కొస ఎక్కడుందో తెలియదు. పైగా వెనుక నుంచి తెల్ల వెలుతురు చూసినవాడు ఎదురుగా బండి వస్తోందనుకుంటాడు. వెనుక ఉండాల్సింది ఎర్ర దీపం, అదీ ట్రాలీకి రెండు మూలలా.

ఈ లెక్క ఒకసారి వేసి చూడండి. లోడుతో ట్రాక్టరు గంటకు 20 కిలోమీటర్లు పోతోంది. వెనుక మోటారు సైకిలు మీద ఒక పిల్లోడు 70లో వస్తున్నాడు. ఇద్దరి మధ్య దూరం సెకనుకు దాదాపు 14 మీటర్లు తగ్గుతుంది. దీపం లేని ట్రాలీ వాడికి 40 మీటర్ల దగ్గర కనబడిందనుకుందాం. వాడి చేతిలో ఉండేది మూడు సెకన్లు కూడా కాదు. అంతలో ఎదురుగా లారీ లైటు పడిందా, ఆ మూడూ లేవు. రాళ్ల ట్రాలీ అంచు సరిగ్గా వాడి ఛాతీ ఎత్తులో ఉంటుంది. ఇట్లాంటి వార్త రాయడానికి నేను ఎన్ని ఊర్లకు పోయినానో లెక్క పెట్టుకోలేదు. పోయిన ప్రతిచోటా ట్రాక్టరు ఓనరు చెప్పే మాట ఒకటే, "వాడే వచ్చి గుద్దినాడు సార్" అని. నిజమే, వాడే గుద్దినాడు. దేన్ని గుద్దినాడో వాడికి తెలియదు.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. చాలా ట్రాక్టర్లకు వెనుక ఏడు పిన్నుల సాకెట్టు కంపెనీవాళ్లే ఇచ్చి ఉంటారు. ట్రాలీ దీపాల వైరు అందులో గుచ్చుకుంటే సరిపోతుంది, బ్రేకు దీపం, ఇండికేటరు కూడా వెలుగుతాయి. మనలో సగం మందికి ఆ మూత తీసి చూసిన పాపాన పోలేదు. దాంతోపాటు ట్రాలీ వెనుక ఎర్ర రిఫ్లెక్టరు టేపు, పక్కలకు పసుపుది. బ్యాటరీ లేకపోయినా, వైరు తెగినా అది పనిచేస్తుంది. కాకపోతే మన బేతంచెర్లలో ఒక తంటా ఉంది. పాలిష్ ఫ్యాక్టరీల దుమ్ము, రాతి బురద మెత్తగా వచ్చి దాని మీద పేరుకుంటాయి. వారం తిరిగేసరికి ఎర్ర టేపు బూడిద రంగు అవుతుంది. బయలుదేరే ముందు తుండుగుడ్డతో ఒకసారి తుడవండి. టేపు అతికించి పండగకు తుడుద్దామంటే అతికించనట్టే.

రాయి తోలే వాళ్లు ఇంకొకటి గమనించాలి. బరువు బాగా లాగాలని ట్రాలీ కొక్కీ తగిలించే చోటును పైకి లేపి వెల్డింగు చేయించుకుంటారు. కంపెనీ దాన్ని కింద పెట్టింది తెలియక కాదు. కొక్కీ పైకి పోయే కొద్దీ, ఎత్తు ఎక్కేటప్పుడు బరువు ట్రాక్టరును వెనక్కి గుంజి ముందు చక్రాలను లేపుతుంది. లేచిన చక్రం స్టీరింగు మాట వినదు. ఇంకాస్త లేస్తే ట్రాక్టరే వెనక్కి తిరగబడి నడిపేవాడి మీద పడుతుంది. దానికి సెకన్ల కాలం చాలు, దూకే వ్యవధి ఉండదు. బ్రేకు పెడళ్ల మాట కూడా అంతే. దుక్కిలో ఒక పక్క చక్రాన్నే ఆపి తిప్పుకోవడానికి రెండు పెడళ్లు విడివిడిగా ఇచ్చినారు. రోడ్డెక్కే ముందు రెండింటినీ కలిపే కొండీ వేయాలి. ఆ కొండీకి పైసా ఖర్చు లేదు, బండితోనే వచ్చింది. వేయకుండా వేగంలో ఒక్క పెడలు తొక్కితే బండి గిర్రున తిరుగుతుంది.

టాపు వద్దని నేను అనను. మే నెల ఎండకు మన రాయలసీమలో టాపు లేకుండా పది గంటలు దున్నడం మనిషి చేసే పని కాదు. కానీ అది నీడ వరకే. సన్న గొట్టాలతో, రేకుతో చేసిన టాపు బోల్తా పడితే ఆపుతుందని నమ్మొద్దు. ట్రాక్టరు తిరగబడినా నడిపేవాడు నలిగిపోకుండా గట్టి ఇనుప చట్రం వేరే ఉంటుంది. స్వీడన్ దేశం 1959లోనే కొత్త ట్రాక్టర్లకు దాన్ని తప్పనిసరి చేసింది. తర్వాతి ముప్పై ఏండ్లలో అక్కడ తిరగబడి చచ్చేవాళ్లు దాదాపు లేకుండా పోయినారు. మన దగ్గర కూడా కొన్ని మోడళ్లకు దొరుకుతుంది. కొనేటప్పుడు మ్యూజిక్ సిస్టమ్ అడిగినట్టే దీన్నీ అడగండి. అయితే బెల్టు పెట్టుకుంటేనే దానికి పూర్తి ఫలితం.

చట్టం సంగతి కూడా చెవిన వేసుకోండి. కంపెనీ తయారు చేసిన తీరుకు విరుద్ధంగా మార్చిన బండి చెల్లదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు ఓనరుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. కుచ్చులకు, స్టిక్కర్లకు ఎవరూ జైల్లో వేయరులెండి. కానీ రకరకాల రాగాలు తీసే హారన్లు నిషేధం. కారు, బొలెరో ఉన్నవాళ్లు ముందర బిగించుకునే ఇనుప గార్డులు కూడా వద్దని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బను తాను తీసుకోవాల్సిన ముందు భాగాన్ని ఆ గార్డు నలగనివ్వదు. దెబ్బ లోపలున్న మనకు వస్తుంది, రోడ్డు మీద ఉన్న మనిషికైతే చెప్పనే అక్కరలేదు.

"ఇన్ని చెప్పినావు, కూలోళ్లను చేనికి ఎట్లా తీసుకపోవాల? ఆటోకు నువ్విస్తావా?" అని ఒక పెద్దాయన నన్ను నిలదీసినాడు. న్యాయమైన ప్రశ్నే. మా ఊర్లో కూడా కలుపుకు, మిరప కోతకు ఆడవాళ్లు ట్రాలీల్లోనే పోతారు. చట్టం ఒప్పుకోదని తెలిసీ పోతారు. ఆటో బాడుగ కూలిలో పడితే రైతుకు గిట్టదు, కూలికీ గిట్టదు. నా దగ్గర దీనికి సులువైన జవాబు లేదు. కాకపోతే పాటల పెట్టెకు పెట్టిన డబ్బు ఎన్ని దినాల ఆటో బాడుగకు సరిపోతుందో ఆయన్నే లెక్క వేయమన్నా. ఆయన వేయలేదు, నవ్వి ఊరుకున్నాడు.

మొన్న బేతంచెర్లలో ఒక షాపు ముందు కుర్రోడొకడు కొత్త ట్రాక్టరుకు పెద్ద హారను బిగించుకుంటున్నాడు. వెనుక ట్రాలీకి దీపాలు లేవు. "అబ్బీ, వెనుక ఎర్ర దీపం పెట్టించుకోరాదా?" అన్నా. "వెనుకుండి చూసేది నేను కాదు కదన్నా" అన్నాడు. "మీ తమ్ముడు మోటారు సైకిలు మీదే కదా రాత్రి పూట ఇంటికొచ్చేది?" అన్నా. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత షాపులో టేపు చుట్ట ఒకటి తీసుకున్నాడు. హారను కూడా బిగించుకున్నాడు.