పాత దారి మూసెయ్యొద్దు

పోయిన నెల నేనొక ఘనకార్యం చేశా. పత్తి ధరల లెక్కల కోసం రాసుకున్న మా చిన్న పైథాన్ లైబ్రరీలో అన్నీ ఒకే ఫైల్‌లో కుక్కేసి ఉండేవి. సర్దుదామని ధరలొక ఫోల్డర్‌లో, తేదీలొక ఫోల్డర్‌లో పెట్టి పాత ఫైల్ డిలీట్ కొట్టా. టెస్టులన్నీ పాస్. అవ్వవా మరి, వాటిలో ఇంపోర్ట్‌లు నేనే మార్చాగా!

రాత్రికి ఎమ్మిగనూరు నుంచి ఫ్రెండ్ ఫోన్. "ఏం చేసినావురా? గిట్ పుల్ కొడితే ఇంపోర్ట్ ఎర్రర్ వస్తాంది." తెల్లారితే వాళ్ల నాయన పత్తితో ఆదోని యార్డుకు పోవాలి. ధరలు చూసేది ఆ స్క్రిప్ట్‌లోనే.

ఫైల్స్ సర్దడం తప్పని నేననను. మా ఆదోని తాలూకా కూడా 1953లో బళ్లారి జిల్లా నుంచి కర్నూలుకు మారిందే. అట్లని బళ్లారి రోడ్డు మూసెయ్యలేదు కదా!

పాత పేరుతో ఒక ఫైల్ ఉంచి, అందులో కొత్త చోటు నుంచి ఇంపోర్ట్ చేసి, ఒక డెప్రికేషన్ వార్నింగ్ పెడితే చాలు. కొత్త ఫైల్స్ మాత్రం తిరిగి పాతదాన్ని ఇంపోర్ట్ చేయకూడదు, సర్క్యులర్ ఇంపోర్ట్‌లో ఇరుక్కుంటాం.

పైథాన్ వాళ్లు మ్యాపింగ్ లాంటి క్లాసుల్ని 2012లో, 3.3 వెర్షన్‌లో, కలెక్షన్స్ నుంచి కలెక్షన్స్ డాట్ ఏబీసీకి మార్చారు. పాత దారి తీసేసింది 2021లో, 3.10లో. తొమ్మిదేళ్లు ఆగినా కొన్ని లైబ్రరీలు విరిగాయి. మనం కనీసం ఒక సెమిస్టర్ ఆగలేమా?

పాత ఫైల్ చూడ్డానికి బాగోదంటాడు మా రూమ్మేట్. బాగోదు, నిజమే. ఉండనీ.

ఆ రాత్రే దాన్ని తిరిగి పెట్టేశా. స్క్రిప్ట్ నడిచింది. వార్నింగ్ వచ్చిందా అనడిగితే, "వచ్చిందిలే, తర్వాత మారుస్తా" అన్నాడు. ఇంకా మార్చలేదు.